చిన్నపిల్లల తరగతి ఒప్పుకున్న బిడ్డకు

బిడ్డా,

దీవెనలు. కోరుట్లల ఉద్యోగం కుదిరిన సంగతి ముందే తెలుసు. ఆదివారం పూట చర్చిలో చిన్నపిల్లల తరగతి కూడా ఒప్పుకున్నవని నిన్న మీ అమ్మ ఫోన్‌ల చెప్పింది. సంతోషమైంది, వెంటనే గుబులు కూడా పుట్టింది. పెద్దలకు వాక్యం చెప్పేటోళ్ళు ఒక మాట తప్పుగ అంటే పెద్దలు సర్దుకుంటరు. నాలుగేండ్ల పిల్లగాడు సర్దుకోడు. టీచర్ అన్నదాన్ని దేవుడే అన్నట్టు ఇంటికి పట్టుకపోతడు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్న.

మామూలు సంగతులు గబగబ చెప్త. నాలుగు నుంచి ఆరేండ్ల పిల్లలు పదిమందికి ఒక టీచర్ సరిపోతది, పక్కన ఇంకో పెద్దామె మాత్రం తప్పకుండ ఉండాలె. జంఖానా పరిచి గుండ్రంగ కూర్చోబెట్టు. రిజిస్టర్‌ల పేరు పక్కన ఇంటోళ్ళ ఫోన్ నంబర్ రాయి. మొత్తం ముప్పావు గంట చాలు: పాటలు పది నిమిషాలు, కథ ఎనిమిది, కంఠత వాక్యం ఐదు, రంగులు వేసుడు పావుగంట, మిగిలింది ప్రార్థనకు. ఎండకాలం వీబీఎస్, అంటే సెలవుల బైబిల్ బడి, పెడితే పొద్దుగాల ఏడున్నరకు మొదలుపెట్టి పదింటికి ముగించు. మే నెలల మన దిక్కు ఎండ ఎట్లుంటదో నీకు తెలుసు. బిస్కెట్లు మరిచినా సరే, మంచినీళ్ళ క్యాన్ మరువకు.

చర్చి ఆవరణల బావి గాని సంపు గాని ఉంటే మొదటి ఆదివారమే పోయి మూత చూసిరా. ఎవరో చూస్తరులే అనుకోకు. పిల్లలను ఎవరు తీసుకొచ్చిన్రో వాళ్ళకే అప్పజెప్పు. తరగతి తలుపు తెరిచే ఉంచు. ఒక్క పిల్లతోని ఒంటరిగ గదిలో ఉండకు, ఎవ్వరినీ ఉండనియ్యకు, ఎంత పేరున్న పెద్దమనిషైనా సరే. ఏ పిల్లైనా తనను ఎవరో బాధపెడుతున్నరని చెప్తే ప్రార్థన చేసి ఊకోవద్దు. పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడేటందుకు 2012ల వచ్చిన పోక్సో చట్టం ప్రకారం తెలిసినోళ్ళు పోలీసులకు చెప్పి తీరాలె. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. ఈ విషయంల సంఘం పరువు గురించి ఎవరన్నా మాట్లాడితే వినకు.

ఇగ అసలు సంగతి. మన ఆదివారపు బడుల్ల ఎప్పటినుంచో ఒక తప్పు నడుస్తున్నది, అదీ మంచి మనసుతోనే. నువ్వు పోయిన దిక్కు చాలా ఇండ్లల్ల తండ్రి దుబాయ్‌లనో మస్కట్‌లనో ఉంటడు. పిల్లగాడు చేతులు జోడించి "మా నాన్న క్రిస్మస్‌కు రావాలె" అని ప్రార్థన చేస్తడు. టీచరమ్మకు గుండె కరుగుతది. "వస్తడు నాన్నా, గట్టిగ నమ్ము, దేవుడు తప్పకుండ తోలుకొస్తడు" అంటది. అక్కడ కంపెనీ సెలవియ్యదు, లేకపోతే టికెట్‌కు పైసలుండవు. క్రిస్మస్ వచ్చి పోతది.

అప్పుడు ఆ పిల్లగాని లోపల ఏమైతదో ఆలోచించు. దేవుడు మాట తప్పిండని అనుకోవాలె, లేకపోతే దేవునికి చేతకాలేదని అనుకోవాలె. ఈ రెండూ అనుకునే ధైర్యం ఆ వయసుకు ఉండదు. అందుకే ఎక్కువమంది పిల్లలు "నేనే సరిగ్గ నమ్మలే" అనుకుంటరు. ఎవ్వరికీ చెప్పరు. వచ్చే ఆదివారం కూడా వస్తరు, చప్పట్లు కొడ్తరు, పాడ్తరు. దేవుణ్ణి అడుగుడు మాత్రం మానేస్తరు. టీచర్‌కేమో పిల్లగాడు బుద్ధిమంతుడైనట్టే కనబడ్తది. నానమ్మ పానం బాగలేనప్పుడు "ప్రార్థన చేస్తే నయమైతది" అనుడు కూడా ఇదే తప్పు. నానమ్మ పోయిన్నాడు ఆ భారమంతా ఐదేండ్ల పిల్ల మీద పడ్తది.

దేవుడు ఇయ్యని మాటను దేవుని పేరు మీద నువ్వు ఇయ్యకు బిడ్డా. ఇచ్చిన మాటలు చానా ఉన్నయి, అవి చెప్పు. "నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను" అన్నది ఇచ్చిన మాట. పిల్లగాడు నాన్న గురించి అడిగితే మోకాళ్ళ మీద కూర్చొని, వాని కండ్లల్లకు చూసి, నాన్న పేరేందో అడుగు. ఆ పేరుతోనే ప్రార్థన చెయ్యి. "నాన్న రావాలని మనం అడుగుదాం. వచ్చినా, ఆలస్యమైనా, దేవుడు అక్కడ నాన్న దగ్గర ఉన్నడు, ఇక్కడ నీ దగ్గర ఉన్నడు" అని చెప్పు. నోట్‌బుక్కుల రాసుకొని మళ్ళా ఆదివారం నాన్న సంగతి నువ్వే అడుగు. రానప్పుడు పాఠం చెప్పకు, పక్కన కూర్చో. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్ళు పెట్టుకున్న సంగతి పిల్లలకు చెప్పు, ఏడ్చుడు అవిశ్వాసం కాదని వాళ్ళకు తెలియాలె.

కథలు ఏరుకునేటప్పుడు కూడా ఇదే చూసుకో. యోసేపుకు కలలు వచ్చినప్పుడు 17 ఏండ్లు, ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడ్డప్పుడు 30. ఆ నడుమ బానిసగ, జైల్ల గడిచిన 13 ఏండ్లను ఒక్క వాక్యంల దాటెయ్యకు. నేల మీద సుద్దముక్కతోని 13 గీతలు గీసి, పిల్లలను ఒక్కో గీత మీద నిలబెట్టి "ఇప్పుడు దేవుడు యోసేపుతో ఉన్నడా?" అని ప్రతిసారీ అడుగు. అగ్నిగుండంల పడేసిన ముగ్గురి కథల, దేవుడు తమను రక్షించకపోయినా విగ్రహానికి మొక్కేది లేదని వాళ్ళు రాజుతో అన్న మాటను చాలామంది వదిలేస్తరు. నువ్వు వదలకు. కంఠతకు "నీవు ఎంతైన నమ్మదగినవాడవు" అన్న మూడు మాటలు చాలు, నెలంతా అదే. నువ్వు మాత్రం ఆ మాట ఉన్న విలాపవాక్యములు పుస్తకం మొత్తం చదువు. ఆ మాట కూలిపోయిన యెరూషలేముల పుట్టింది. దానికి ముందు అధ్యాయంలనే పిల్లలు ఆకలితోని తల్లులను తిండి అడుగుతున్నరు. అది తెలిసి చెప్తే నీ గొంతు వేరే ఉంటది.

అరణ్యంల ఇశ్రాయేలీయులకు దేవుడు ఆకాశం నుంచి కురిపించిన తిండి, అదే మన్నా, ఆ కథకు ధనియాలు చూపించు, బైబిల్ నిర్గమకాండంల పోలిక అదే. చేతికి మాత్రం ఇయ్యకు, ముక్కుల పెట్టుకుంటరు. తెల్ల కాగితం ఉండలు చుట్టి జంఖానా మీద చల్లి ఏరించు. ఏ రోజుది ఆ రోజే ఏరాలె, దాచుకుంటే పురుగులు పడ్డయి, ఆరో రోజు మాత్రం రెండింతలు. ఆ ఏరుడును ఆరుసార్లు ఆడించు. నాలుగోసారికి విసుగొచ్చేది నీకే, పిల్లలకు రాదు. పిల్లలు విన్న కథనే మళ్ళా చెప్పమంటరు, ఒక్క మాట మారినా పట్టుకుంటరు. రోజూ అదే మన్నాను 40 ఏండ్లు కురిపించినోని ఓపిక ఎట్లాంటిదో వాళ్ళ నడుమ కూర్చున్నప్పుడు నీకే తెలుస్తది.

నీ సొంత మాటలు కూడా పైలం. "వచ్చే వారం రంగు పెన్సిళ్ళు తెస్త" అంటే తేవాలె. తేలేకపోతే ముందుగాల అదే చెప్పి, తర్వాత పాట మొదలుపెట్టు. "అల్లరి చేస్తే దేవుడు కండ్లు పోగొడ్తడు" లాంటి బెదిరింపు నీ నోట్లె నుంచి ఎన్నడూ రావొద్దు, సాయం చేసే ఆమె నోట్లె నుంచి కూడా. వచ్చినోళ్ళకు చాక్లెట్ ఇస్తే ఇయ్యి గాని, దాన్ని దేవుని ప్రేమతోని ముడిపెట్టకు. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు, దసరా సెలవులల్ల పిల్లలు తగ్గుతరు. ఇద్దరే వచ్చినా తరగతి ఎత్తెయ్యకు, అదే టైముకు అదే జంఖానా పరువు. రాని పిల్లల ఇంటికి వారంల ఒకసారి పోయిరా. నీకు కోపం తొందరగ వస్తది, చిన్నప్పటి నుంచి అంతే, చిన్నోళ్ళను చూస్తే కరిగిపోవుడూ అంతే. ఆ కరిగిపోయినప్పుడే నోటికి లేనిపోని మాటలొస్తయి, నా భయమంతా దాని గురించే.

కథ బొమ్మలు అతికించే బోర్డుకు ఫ్లానెల్ బట్ట రెండు మీటర్లు, గరుకు కాగితం అంటించిన బొమ్మల కవరు బస్సుల పంపుతున్న. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడుగు ప్లైవుడ్ ముక్క అక్కడనే కొయ్యించుకొని బట్ట బిగువుగ గుంజి మొలలు కొట్టించు, వదులుంటే బొమ్మలు నిలబడవు. కథ చెప్పేటప్పుడు పైన ఫ్యాన్ ఆపు. మొదటి ఆదివారం అయినంక ఫోన్ చెయ్యి, ఎంతమంది వచ్చిన్రో తర్వాత, ముందు పిల్లల పేర్లు చెప్పు.

మీ పెద్దమ్మ
హన్మకొండ