బ్రిటిష్ కాలంలో మద్రాసు భవనాలు గీసిన చిషోమ్ లాంటి పాతకాలపు ఆర్కిటెక్ట్‌ని జనానికి గుర్తుచేయాలంటే ఎలాంటి కార్యక్రమాలు పెట్టాలి?

ఎలాంటివి పెట్టకూడదో నాకు బాగా తెలుసు, ముందు అది చెప్తాను. ఏసీ హాలు, ప్రొజెక్టరు, ముఖ్య అతిథి కోసం గంటసేపు ఎదురుచూపులు, శాలువాలు. ఇలాంటివాటికి రెండుసార్లు వెళ్ళాను. ఒకచోట ఫ్లెక్సీ మీద ఆర్కిటెక్ట్ ఫొటో పోస్టల్ స్టాంపంత, సభాధ్యక్షుడిది నిలువెత్తు!

ఇక అసలు సంగతి. ఏటా ఆగస్టు 22 ముందూ వెనకా మద్రాస్ వీక్ అని చెన్నైలో పాత కట్టడాలు నడుస్తూ చూపించే హెరిటేజ్ వాక్‌లు జరుగుతాయి. కొన్నేళ్ళ కిందట ఒకదానికి మా బాబాయిని లాక్కెళ్ళాను. ఆయనది విజయనగరం దగ్గర పల్లెటూరు, నలభై ఏళ్ళ తాపీమేస్త్రీ. కంటి ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లో ఉన్నాడు. వాక్ మొత్తం ఇంగ్లీషులోనే. నడిపించే అమ్మాయి బాగా చదువుకునే వచ్చింది పాపం, కానీ ‘ఇండో సారసెనిక్’ (మన దేశపు, ఇస్లామిక్, యూరప్ పద్ధతులు కలిపి కట్టే తీరు) అన్నప్పుడల్లా బాబాయి నా మొహం చూడటం, నేను ‘తర్వాత చెప్తాలే’ అనడం. నిజానికి అప్పటికి నాకూ సరిగ్గా తెలీదు.

సెంట్రల్ స్టేషన్ దగ్గర విక్టోరియా పబ్లిక్ హాల్ ముందు ఫుట్‌పాత్ మీద ఆగాం. చిషోమ్ గీసిన ఎర్ర ఇటుకల కట్టడం, టవర్ మీద మాత్రం కేరళ తరహా కప్పు. చిషోమ్ అంతకుముందే తిరువనంతపురంలో నేపియర్ మ్యూజియం కట్టించాడు (1880లో పూర్తయింది), ఆ రుచి ఇక్కడిదాకా వచ్చినట్టుంది. ‘1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజా, విరాళం కూడా బాగా ఇచ్చారు’ అంది ఆ అమ్మాయి. అంత ఇంగ్లీషులోనూ బాబాయికి ఆ ఊరి పేరు ఒక్కటీ పట్టుబడింది.

“ఏట్రా, మన ఆనంద గజపతి రాజుగారేనా?”

“ఆయనే బాబాయ్.”

“మరి ఇందాకట్నుంచీ చెప్పవేట్రా!”

అక్కణ్ణించి మనిషి మారిపోయాడు. దారిలో ఇంకో పాత భవనం దగ్గర (పేరెందుకులెండి) నల్లద్దాలు తీసేసి గోడ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇటుకల సందులో గోరు పెట్టి గీకి, “ఇది సిమెంటు కాదు, గానుగ సున్నం” అన్నాడు. కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్ళు ఎందుకు కలుపుతారో చెప్పాడు. పక్కనే ఎవరో సిమెంటుతో అతుకేసిన చోట ఇటుక పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. లోపలి చెమ్మ సున్నంలోంచైతే బయటికి పోతుందట, సిమెంటు దారి మూసేస్తే ఇటుకని తినేస్తుందట. నేను తప్పుల్తో తర్జుమా చేస్తుంటే ఇరవై మందీ మా చుట్టూ మూగారు. ఆ అమ్మాయి నోట్‌బుక్ తీసి రాసుకుంది.

కాబట్టి నా జవాబు: ప్రతి వాక్‌లోనూ ఒక మేస్త్రీని పెట్టండి, మైకు ఆయనకివ్వండి, కూలీ కూడా ఇవ్వండి. ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్లు పది మంది కలిసినా ఆ పెచ్చుల సంగతి అంత తేలిగ్గా చెప్పలేరు. మన తెలుగు సంఘాలు కూడా ఉగాదికి ఫ్లెక్సీలు కట్టడం కాస్త తగ్గించి ఇటు చూడొచ్చు. బళ్ళారి నుంచి నాటకకర్త ధర్మవరం కృష్ణమాచార్యుల బృందం వచ్చి ఈ విక్టోరియా హాల్లోనే తెలుగు నాటకాలు ఆడింది. అవి చూసిన ఉత్సాహంతోనే తమిళ నాటకకర్త పమ్మల్ సంబంద ముదలియార్ 1891లో సుగుణ విలాస సభ అనే నాటక సంఘం పెట్టారు. చిషోమ్ పేరున ఏడాదికో తెలుగు నాటకం అక్కడ ఆడించండి, ఎవరొద్దన్నారు?

బాబాయి ఊరెళ్ళాక ఫోన్ చేశాడు. “ఆ పిల్ల గీసినోడి పేరు చెప్పింది, డబ్బిచ్చిన మా రాజుగారి పేరు చెప్పింది. కట్టినోడి పేరు చెప్పలేదేట్రా?” నేను వెతికి పట్టుకుని గొప్పగా చెప్పాను, నంబెరుమాళ్ చెట్టి అని.

“అది కంట్రాక్టరు పేర్రా. మేస్త్రీ ఎవరు?”