ఫీజు బూడిదలో పోసిన పన్నీరు కాకూడదంటే

అమ్మా,

మీ ఉత్తరం చదివాను. అబ్బాయిని ఫిలడెల్ఫియా శివార్లలోని కాథలిక్ హైస్కూలులో పదో తరగతిలో చేర్చారు, చర్చి చరిత్ర క్లాసు తప్పనిసరి అన్నారు, సిలబస్ కాగితాల మీద మీరూ అబ్బాయీ సంతకాలు చేసి పంపమన్నారు. వాడిని మతం మారుస్తారా, ఆ క్లాసులో నెగ్గుకొస్తాడా అని మీరు అడిగారు. మొదటిదానికి జవాబు చిన్నది. మార్చరు. అమెరికా కాథలిక్ బిషప్పులు 2008లో ప్రచురించిన పాఠ్య ప్రణాళికలో చర్చి చరిత్ర ఐచ్ఛికాంశాల్లో ఒకటి. దాన్ని తప్పనిసరి చేసుకున్నది మీ స్కూలు. పరీక్షలో చూసేది పిల్లవాడికి ఏమి తెలుసు అని, వాడు ఏమి నమ్ముతున్నాడు అని కాదు. 1965లో కాథలిక్ బిషప్పుల రెండో వాటికన్ మహాసభ ఇతర మతాల గురించి చేసిన ప్రకటనలో హిందూమతాన్ని పేరు పెట్టి గౌరవంగానే ప్రస్తావించారు. ఏడాది చివరి పాఠాల్లో అదీ వస్తుంది, అప్పుడు మీరూ చదవండి. రెండో ప్రశ్న వెనక డబ్బుంది కనుక ఇకపై దాని గురించే రాస్తాను.

సంతకం పెట్టే ముందు ఆ కాగితాలు చివరిదాకా చదవండి. మా పెద్దమ్మాయి చేరినప్పుడు నేను చదవలేదు. మన చిన్నప్పుడు నీతిబోధ పీరియడ్ ఉండేది, లెక్కల మాస్టారు దాన్ని లాక్కుని త్రికోణమితి చెప్పేవారు. ఇదీ అలాంటిదే అనుకుని, "ఆ క్లాసుకు ఎక్కువ సమయం పెట్టకు, లెక్కలూ కెమిస్ట్రీ చూసుకో" అని అమ్మాయికి నేనే చెప్పాను. అంతటితో ఊరుకోలేదు. స్కూలు ఆఫీసుకు ఫోను చేసి, మాకు ఆ క్లాసు అక్కరలేదు, ఆ మేరకు ఫీజు తగ్గిస్తారా అని అడిగాను. అవతలి ఆవిడ చాలా మర్యాదగా, థియాలజీ, అంటే ఈ చర్చి చరిత్ర లాంటి మతపాఠాలు, నాలుగేళ్ళూ చదివితేనే డిప్లొమా ఇస్తామని చెప్పింది. సంతకం పెట్టిన కాగితంలో ఆ మాట మొదటి పేజీలోనే ఉంది. రెండో పేజీలో ఉన్నది ఇంకా ఖరీదైన మాట: ఈ క్లాసు మార్కులు జీపీఏలో, అంటే అన్ని సబ్జెక్టుల సగటు గ్రేడులో, మిగతా సబ్జెక్టులతో సమానంగా కలుస్తాయి, తప్పితే వేసవిలో విడిగా ఫీజు కట్టి మళ్ళీ చదవాలి. మాకు ప్రతిభ కింద ఇచ్చిన ఫీజు రాయితీ ఆ జీపీఏ మీదే ఆధారపడి ఉంది. ఆ ఏడాది అది పోయింది. ఎంత పోయిందో ఇప్పటికీ మా ఆవిడకు పూర్తిగా చెప్పలేదు.

రాయితీ ఎలా పోయిందో వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ అబ్బాయీ మన పద్ధతిలోనే చదివి ఉంటాడు. మా అమ్మాయి 313, 325, 451, 1054, 1517 అని సంవత్సరాలన్నీ ఎక్కాల్లా అప్పజెప్పేది. నేనే కూర్చుని అప్పజెప్పించుకున్నాను, గర్వపడ్డాను కూడా. పరీక్షలో వచ్చిన ప్రశ్న వేరు. 1054లో రోము ప్రతినిధి కార్డినల్ హంబర్టూ తూర్పు చర్చి పెద్ద, కాన్‌స్టాంటినోపుల్ పితృపాదుడు సెరులారియస్ వర్గమూ ఒకరినొకరు వెలివేసుకున్నారు. 1204లో నాలుగో క్రూసేడుకు, అంటే జెరూసలేం కోసం చేసిన మతయుద్ధాల్లో నాలుగోదానికి, బయలుదేరిన సైన్యం సాటి క్రైస్తవుల నగరమైన ఆ కాన్‌స్టాంటినోపుల్‌నే దోచుకుంది. ఈ రెండింటిలో తూర్పు పడమర చర్చిలను ఎక్కువగా విడదీసింది ఏది, ఆధారాలతో వాదించు అన్నారు. మా అమ్మాయి రెండు తేదీలూ తప్పు లేకుండా రాసి ఊరుకుంది. సగం మార్కులు కూడా రాలేదు. ఇక్కడ తేదీ తెలిసి ఉండటం కనీస అర్హత మాత్రమే, దానికి విడిగా మార్కు ఉండదు. రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ 313లో క్రైస్తవులకు స్వేచ్ఛ ఇవ్వడం వల్ల చర్చికి కలిగిన లాభమేమిటి, నష్టమేమిటి అంటారు. క్రూసేడులు, మతద్రోహులనుకున్నవారిపై చర్చి జరిపిన ఇంక్విజిషన్ విచారణలు, 1633లో గెలీలియో విచారణ లాంటి చేదు విషయాలను టీచర్లు దాచిపెట్టరు. కానీ ఎగతాళిగా నాలుగు మాటలు రాస్తే ఊరుకోరు, భక్తితో అన్నింటికీ తలూపినా మెచ్చుకోరు. ఆనాటి పత్రం చూపించి మాట్లాడమంటారు. క్రైస్తవులను ఏమి చేయమంటారని రోమన్ గవర్నరు ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన లేఖ, బెనెడిక్ట్ మఠ నియమావళి, అగస్టీన్ ఆత్మకథ లాంటివి ముందు రాత్రి చదివి వెళ్ళాలి. క్లాసు మొదటి అయిదు నిమిషాల్లో చిన్న పరీక్ష పెడతారు.

టర్మ్ పేపరు, అంటే ఇంటి దగ్గర రాసే పెద్ద వ్యాసం, దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. మనవైపు గైడులోని జవాబు పొల్లుపోకుండా రాస్తే శభాష్ అనేవారు. అమ్మాయి క్రూసేడుల మీద ఇంటర్నెట్ నుంచి నాలుగు పేరాలు ఎత్తి పెట్టింది, ఎక్కడివో చెప్పలేదు. సున్నా వేసి మమ్మల్ని పిలిపించారు. దొంగతనం అనే మాట వాళ్ళు వాడలేదు గాని, వాడినా బాగుండేదనిపించేంత మెత్తగా మాట్లాడారు. ఇప్పుడు కంప్యూటరే వ్యాసం రాసి ఇస్తోంది కనుక, ఆ విషయంలో మీ స్కూలు నియమం ఏమిటో సిలబస్‌లో చూడండి.

నోరు విప్పడానికీ మార్కులుంటాయి. మన పిల్లలు టీచరు ముందు మౌనంగా ఉండటమే వినయం అనుకుంటారు, వీళ్ళు దాన్ని చదవకుండా రావడంగా లెక్కేస్తారు. రోజుకు ఒక్క ప్రశ్న అడగమని చెప్పండి.

బైబిల్ కొనేటప్పుడు పిసినారితనం వద్దు. నేను పాత సామాన్ల అమ్మకంలో డాలరుకో బైబిల్ తెచ్చి, జాబితాలో ఒక వస్తువు చవకగా తేలిందని సంతోషించాను. అది ప్రొటెస్టంట్ల ప్రతి, అందులో 66 గ్రంథాలే ఉంటాయి. కాథలిక్కులది 73. ప్రొటెస్టంట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన లూథర్ పాఠం వచ్చినప్పుడు, చనిపోయినవారి కోసం ప్రార్థించడం గురించి మక్కబీయుల రెండో గ్రంథం పన్నెండో అధ్యాయం చూసి రమ్మన్నారు. మా ప్రతిలో ఆ గ్రంథమే లేదు. పేజీలు చిరిగిపోయాయేమోనని రాత్రి చాలాసేపు వెతికాము. అసలు ఆ గ్రంథాలు బైబిల్‌లో ఉండాలా వద్దా అన్నదే ఆ పాఠంలో సగం గొడవని తర్వాత తెలిసింది. మర్నాడు కొత్త ప్రతి పూర్తి ధరకు కొన్నాను.

ఆ పాఠం మాత్రం నాకు చెప్పకుండానే అర్థమైంది. మెయిన్జ్ ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్ తన పదవి కోసం రోముకు కట్టవలసిన సొమ్మును ఫుగ్గర్లనే వడ్డీ వ్యాపారుల దగ్గర అప్పు తెచ్చాడు. పాపపరిహార పత్రాలు అమ్మగా వచ్చిన దాంట్లో సగం ఆ అప్పుకు, సగం రోములో సెయింట్ పీటర్స్ బసిలికా నిర్మాణానికి అని ఒప్పందం. 1517లో లూథర్ రాసిన 95 వాదాల వెనక ఈ లెక్క ఉంది. వడ్డీ ఏం చేయగలదో తెలిసినవాళ్ళు ఆ అధ్యాయాన్ని తేలిగ్గా అర్థం చేసుకుంటారు. మీ అబ్బాయికి మీరే చెప్పవచ్చు.

క్లాసు మొదట్లో ప్రార్థన చేస్తారు, లేచి నిలబడితే చాలు. దివ్యబలి పూజకు (మాస్) స్కూలంతా వెళుతుంది, మీవాడూ వెళ్ళాలి. అక్కడ పంచే రొట్టె, దివ్యసత్ప్రసాదం, మాత్రం కాథలిక్కులకే. పెట్టినదేదైనా కళ్ళకద్దుకుని తీసుకోవడం మనకు అలవాటు కనుక ముందే చెప్పి పంపండి. బల్ల దగ్గరే కూర్చోవచ్చు, లేదా చాలా చోట్ల చేతులు ఎదమీద కట్టుకుని వెళితే ఆశీర్వదించి పంపుతారు. పిల్లలు చేయవలసిన సమాజసేవ గంటల లెక్క స్కూలు వెబ్‌సైట్‌లో ఉంటుంది.

పేపరుకు విషయం ఎంచుకోమన్నప్పుడు అందరూ రాసే క్రూసేడుల జోలికి వెళ్ళవద్దనండి. మా రెండోవాడి వంతు వచ్చేసరికి నాకు కొంచెం తెలివి వచ్చింది. నేను గుంటూరు ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీలో చదివాను. అది 1885 నాటి లూథరన్ కాలేజీ అని తెలుసు గాని, ఆ లూథరన్లు ఎక్కడివాళ్ళో ఎన్నడూ ఆలోచించలేదు. తీరా చూస్తే, 1842 జులై 31న గుంటూరులో దిగిన మొదటి లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్‌ను పంపింది ఫిలడెల్ఫియా ఉన్న ఈ పెన్సిల్వేనియా రాష్ట్రపు లూథరన్లే. అప్పటికి ఆయనకు 49 ఏళ్ళు. మధ్యలో అమెరికా వెళ్ళినప్పుడు వైద్యం చదువుకుని మళ్ళీ వచ్చాడు, డెబ్బై దాటాక ఇంకోసారి వచ్చాడు. పంతొమ్మిదో శతాబ్దపు మిషన్ల అధ్యాయం కింద టీచరు ఈ విషయానికి ఒప్పుకున్నారు. ఇటు పెన్సిల్వేనియా, అటు మా ఊరు కలిసిన పేపరు క్లాసులో ఇంకెవరి దగ్గరా లేదు. 'ఏ' గ్రేడు వచ్చింది, వాడి రాయితీ నాలుగేళ్ళూ నిలిచింది. మీది ఒంగోలు వైపు అయితే క్లౌ ఉన్నాడు. కరువులో బకింగ్‌హామ్ కాలువ పని ఇప్పించి, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిపించిన బాప్టిస్టు మిషనరీ. కరువులో తిండి కోసమా, నమ్మకంతోనా అన్న చర్చ అప్పుడే మొదలైంది. వాదించి రాయడానికి అంతకన్నా మంచి ప్రశ్న దొరకదు. మీది తెలంగాణ అయితే మెదక్ చర్చి చూసే ఉంటారు, అదీ కరువు రోజుల్లో పనికి తిండి పెట్టి కట్టించినదే.

ఫీజు సంగతి మీరు అడగలేదు, సిగ్గుపడి ఉంటారు. నేను పడను. పెన్సిల్వేనియాలో ఈఐటీసీ అనే పన్ను రాయితీ పథకం కింద ప్రైవేటు స్కూళ్ళ పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. ఆదాయ పరిమితి ఉంది, ఏటా మళ్ళీ దరఖాస్తు చేయాలి, గడువు దాటితే వినరు. 2018 నుంచి చదువుల కోసం పొదుపు చేసే 529 ఖాతాలోని సొమ్మును స్కూలు ఫీజుకూ వాడుకోవచ్చు, పరిమితి చూసుకోండి. పారిష్ (స్థానిక చర్చి) సభ్యులకు కొన్ని స్కూళ్ళలో ఫీజు తక్కువ, అది మనకు వర్తించదు. అలాగని తగ్గింపు కోసం పేరు రాయించుకోవద్దు, అడిగినవాళ్ళను నేను చూశాను. నెలవారీ వాయిదాలకు ఏమైనా రుసుము వేస్తున్నారేమో అడగండి, ఒకేసారి కడితే తగ్గిస్తారేమో కూడా అడగండి. మొహమాటపడి నోరెత్తనివాళ్ళ దగ్గర పూర్తిగానే వసూలు చేస్తారు. నేను నోరెత్తడం నేర్చుకున్నాను కాబట్టే ఇద్దరినీ అప్పు లేకుండా గట్టెక్కించాను.

మావాడి చర్చి చరిత్ర పుస్తకం, ఆ 73 గ్రంథాల బైబిల్ అటక మీద ఉన్నాయి. మీ సిలబస్‌లో ఏ ముద్రణ అడిగారో రాయండి, సరిపోతే పంపిస్తాను. పోస్టు ఖర్చు మీరు పెట్టుకోండి.