చేతిలో ఒక ఉండ ఎప్పుడూ మిగలాలి

సీతమ్మధార,
ఆదివారం రాత్రి

బుజ్జీ,

నిన్న ఫోన్‌లో మన మంచు ఉండల ఆట అయిపోయాక నువ్వు హెడ్‌సెట్ మంచం మీదకి గిరాటేసిన చప్పుడు మా అందరికీ వినిపించింది. మైకు ఆపడం మర్చిపోయావు. అంతకుముందు "మనకి గురి లేదు మావయ్యా, అంతే" అన్నావు చూడు, ఆ మాట తప్పని చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే సగంలోనే "సరే సరే" అనేస్తావు. కాగితం మీదైతే ఆపలేవు కదా.

నిజానికి మన నలుగురిలో మంచి గురి నీదే. అయినా వరసగా ఓడిపోయాం. చివరి మూడు రౌండ్ల రికార్డింగ్ ఇవాళ మధ్యాహ్నం కూర్చుని మళ్లీ చూశాను. మీ అత్తయ్య చూసిన చూపు సంగతి వదిలెయ్. మూడు రౌండ్లలో నలుగురం అవుటయ్యాం, అంటే పన్నెండు సార్లు. అందులో తొమ్మిది సార్లు, దెబ్బ తగిలే వేళకి మనవాళ్ల చేతిలో ఉండ లేదు. వంగి మంచు ఎత్తుకుంటూనో, ఉన్నదంతా విసిరేసి గోడ చాటుకి పరిగెడుతూనో దొరికిపోయారు. ఆ తొమ్మిదిలో రెండు నావే.

మీ ఆట రూల్స్ ఒకసారి కలిపి చూడు. ఒక్కొక్కరికి మూడు ఉండలు. కొత్తది చేసుకోవాలంటే ఒకటిన్నర సెకను కదలకుండా వంగి ఉండాలి. ఒక్క దెబ్బకే అవుట్. మూడూ విసిరేసినవాడు మళ్లీ మూడు చేసుకోవాలంటే నాలుగున్నర సెకన్లు దిష్టిబొమ్మలా నిలబడాలన్నమాట. అంత సేపట్లో అవతలివాడు పరుగు కూడా అక్కర్లేదు, నడిచి వచ్చి కొట్టి పోతాడు. కాబట్టి మూడోది విసరడానికి లేదు. అది ఆయుధం కాదు, కాపలా. అది నీ చేతిలో ఉన్నంతసేపూ ఎదుటివాడు తల బయట పెట్టడానికి జంకుతాడు. రెండు విసిరావా, చాటుకి వెళ్లి నింపుకో. మూడోది విసరాల్సింది ఎదుటివాడి చెయ్యి ఖాళీ అని నీకు కచ్చితంగా తెలిసినప్పుడే.

అది ఎలా తెలుస్తుందంటావా? లెక్కపెట్టాలి. మా చిన్నప్పుడు ఏడుపెంకులాటలో ఇదే పని. బంతి ఎవరి చేతిలో ఉందో చూడకుండా పెంకులు పేర్చడానికి వెళ్లినవాడి వీపు విమానం మోత మోగేది. మీ ఆటలో బంతులు ఎక్కువ, అంతే తేడా. ఎదురుగా ఉన్నవాడు విసిరిన ప్రతిసారీ మైకులో "ఎర్రటోపీ ఒకటి", "ఎర్రటోపీ రెండు" అని చెప్పండి. "మూడు" అన్న మాట వినగానే దగ్గర్లో ఉన్నవాళ్లు మీద పడిపోవాలి. మీ తమ్ముడు మైకులో అరిచే "అటు అటు, ఇటు ఇటు" వల్ల ఒక్కరికీ ఉపయోగం లేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ద్వారకానగర్‌లో నేను నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో కాలేజీ కుర్రాళ్లు సాయంత్రమైతే కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల వీడియో గేమ్ కోసం క్యూ కట్టేవారు. వాళ్లలో ఒకడికి గురి ఎంత బాగుండేదో! కానీ రెండు తూటాలు పేలిస్తే చాలు, అలవాటుగా రీలోడ్ నొక్కేసి తూటాలు నింపుకునేవాడు. మిగతావాళ్లు అది కనిపెట్టేశారు. వాడి తుపాకీ ఆగగానే తలుపు తోసుకుని వచ్చి కొట్టేవారు. నీకూ ఆ జబ్బుంది. ఒకటి విసరగానే ఎక్కడున్నావో చూసుకోకుండా వంగిపోతావు. చేతిలో రెండుంటే తొందరేమీ లేదు, ముందు చాటు చూసుకో.

నలుగురూ ఒకేసారి వంగకూడదన్నది దీని వెనకే వస్తుంది. ఇద్దరిద్దరుగా విడిపోండి. ఒకరు నింపుకుంటుంటే రెండోవాళ్లు చెయ్యెత్తి నిలబడాలి. జపాన్‌లో మంచు ఉండల యుద్ధం నిజంగానే ఒక పోటీ ఆట, తెలుసా? యుకిగస్సెన్ అంటారు. హొక్కయిదో దీవిలో సోబెత్సు అనే ఊళ్లో 1989లో మొదటి టోర్నమెంట్ పెట్టారు. జట్టుకి ఏడుగురు, మూడు నిమిషాల సెట్టు, సెట్టుకి తొంభై ఉండలు ముందే చేసి పెట్టుకుంటారు. అవి అయిపోతే అంతే. ముందు నలుగురు దాడి చేస్తుంటే వెనక ముగ్గురు వాళ్లకి ఉండలు అందిస్తుంటారు. ఎముకలు కొరికే చలిలో పుట్టి పెరిగినవాళ్లే ఉండలు పొదుపుగా వాడుకుంటుంటే, మంచు చూద్దామని లంబసింగి వెళ్లి పొగమంచులో ఫొటోలు దిగి వచ్చిన మనకి అంత ధారాళమెందుకు?

ఇక విసరడం. దూరాన పరిగెడుతున్నవాడి మీదకి విసిరితే ఉండ ఎప్పుడూ వాడి వెనకే పడుతుంది. వాడున్న చోటుకి కాదు, ఉండ చేరే వేళకి వాడుండబోయే చోటుకి విసరాలి. ఎంత ముందుకి అన్నది ప్రాక్టీస్ మ్యాప్‌లో గోడకేసి విసిరి, ఎన్ని సెకన్లకి తగిలిందో లెక్కపెట్టుకుంటే తెలుస్తుంది. పది నిమిషాల పని. ఒక్కో ఆటలో ఉండ ఒక్కోలా పడుతుంది కాబట్టి ఇది ఎవరికి వాళ్లు చేసుకోవాల్సిందే.

నాకు బాగా నచ్చిన కిటుకు ఒకటుంది. మీ ఇంటర్ ఫిజిక్స్‌లోదే. ఒకే వేగంతో 30 డిగ్రీల్లో విసిరినా, 60 డిగ్రీల్లో విసిరినా వస్తువు ఒకే చోట పడుతుంది. గాలి అడ్డు లెక్కలోకి తీసుకోకపోతే. కానీ ఎత్తుగా వెళ్లినది ఆలస్యంగా దిగుతుంది. సెకనుకి 20 మీటర్ల వేగం అనుకో, ఎత్తుది మూడున్నర సెకన్లు గాల్లో ఉంటుంది, తక్కువ ఎత్తుది రెండు సెకన్లే. కాబట్టి ముందు ఒకటి ఆకాశంలోకి వెయ్యి, ఒకటిన్నర సెకను ఆగి రెండోది తక్కువ ఎత్తులో వెయ్యి. రెండూ ఒకేసారి చేరతాయి. ఎదుటివాడు పైనుంచి వచ్చేదాన్ని చూస్తూ పక్కకి తప్పుకుందామనుకుంటుంటే రెండోది ఛాతీకి తగులుతుంది. నిన్న అమ్మాయిల జట్టు మీద నేను ఒకసారి చేశాను, మీరెవరూ చూడలేదు. ఆటలో గాలి అడ్డు పెట్టి ఉంటే లెక్క కొంచెం మారుతుంది, అదీ గోడ దగ్గరే తేలిపోతుంది.

విసిరాక అక్కడే నిలబడకు. ఉండ ఎక్కడినుంచి లేచిందో గాల్లో గీత గీసినట్టు కనిపిస్తుంది. పైగా మీ ఆటలో మంచు మీద అడుగుల జాడలు పడతాయి. చాటులో దాక్కున్నానని నువ్వు అనుకుంటావు, నీ జాడలు తిన్నగా ఆ చాటు దాకా దారి చూపిస్తుంటాయి. విసిరేటట్టు చెయ్యెత్తి ఆపేయడం కూడా అలవాటు చేసుకో. అవతలివాడు కంగారుపడి ఒకటి వృథా చేసుకుంటాడు, నీ లెక్కలో వాడికి ఒకటి తగ్గుతుంది.

మ్యాప్‌లో చోట్లకి మీరు పెట్టుకున్న మన వైజాగ్ పేర్లు మాత్రం భేషుగ్గా ఉన్నాయి, వాటినే వాడండి. గడ్డకట్టిన చెరువుకి ముడసర్లోవ, గుట్టకి కైలాసగిరి, మంచులో కూరుకుపోయిన పడవకి మన బీచ్‌లో ఉన్న జలాంతర్గామి పేరు కురుసుర. "కురుసుర వెనక ఇద్దరు, ఒకడి చెయ్యి ఖాళీ" అంటే అర సెకనులో అందరికీ అర్థమవుతుంది. ఆ పడవ మీదకి నలుగురూ కలిసి ఎగబడకండి. ఇద్దరు ఎదురుగా కనిపిస్తూ ఉండాలి, ఇద్దరు ముడసర్లోవ మీదుగా చుట్టి వెళ్లాలి. ఎదురుగా ఉన్నవాళ్లు విసరక్కర్లేదు, కనిపిస్తే చాలు. పడవ చాటు ఒక వైపుకే పనికొస్తుంది.

ఫోన్ సంగతి రెండు ముక్కలు. సర్వర్ ఎంచుకునే చోట సింగపూర్ ఉంది, ముంబయికి మార్చు. పింగ్, అంటే సర్వర్‌కి కబురు వెళ్లి వచ్చే ఆలస్యం, ఎక్కువైతే నీకు కనిపించే మనిషి అప్పటికే నాలుగడుగులు ముందుకి వెళ్లిపోయి ఉంటాడు, నీ గురిని నువ్వు తిట్టుకుంటావు. మధురవాడలో మీ గదికి వైఫై అందదు, హాల్లో కూర్చుని ఆడు. ఛార్జింగ్ పెట్టి ఆడకు, వెనక కవరు తీసెయ్. ఈ ఉక్కలో ఫోన్ వేడెక్కితే ఆట నత్తనడక నడుస్తుంది. వేళ్లకి చెమట పట్టి జారుతుంటే కర్చీఫ్ ఒకటి ఒళ్లో పెట్టుకో. నవ్వకు, నిన్న నేను అవుటైన మూడింట్లో ఒకటి చెమట వల్లే.

చివర్లో నువ్వొక్కదానివే మిగిలి అవతల ఇద్దరుంటే ఇప్పటిదాకా ఏం చేశావో చూశాను. వీరనారిలా వాళ్ల మధ్యలోకి దూకుతున్నావు. చూడ్డానికి బాగుంది, ప్రతిసారీ ఓడిపోతున్నావు. మూడు ఉండలతో ఒక మూల కదలకుండా కూర్చో. గెలుపు ఖాయమనుకుని ఇద్దరిలో ఒకడికి తొందర పుడుతుంది, విసురుతాడు, వంగుతాడు. వాడు వంగినప్పుడు లే. అదే మనం ఇద్దరం మిగిలి అవతల ఒక్కడే ఉంటే వాడిని వేటాడకు, వాడినే రానివ్వు.

శనివారం రాత్రి తొమ్మిదికి భోజనం చేసి లాగిన్ అవుతాను. నన్ను వెనకే పెట్టు, మోకాళ్లే కాదు ఈ మధ్య వేళ్లు కూడా మొరాయిస్తున్నాయి. లెక్క నేను చెబుతాను, విసరడం నీ పని. మీ తమ్ముడితో చెప్పు, "అటు ఇటు" అంటే ఈసారి వాడి మైకు నేనే ఆపేయిస్తాను.

మీ మావయ్య