బ్రష్ పెన్ కొనేముందు చూడవలసింది మొన

ప్రశ్న: తిరుపతిలో చిత్రలేఖనం నేర్చుకుంటున్నాను. జపాన్ లిపికళ మీద ఇష్టంతో ఒక బ్రష్ పెన్ కొన్నాను. గీత చివర సన్నబడకుండా మొద్దుగా ఆగిపోతోంది, నోటుపుస్తకంలో సిరా పాకుతోంది, బొమ్మ మీద నీటిరంగు వేస్తే నలుపు కరిగిపోతోంది. ఏ పెన్ను కొనమంటారు?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీ మూడు ఇబ్బందులకూ కారణాలు వేరు. మొదటిది మొన వల్ల, రెండవది కాగితం వల్ల, మూడవది సిరా వల్ల వచ్చినవి.

బ్రష్ పెన్ అన్న ఒకే పేరుతో అంగడిలో రెండు రకాలు దొరుకుతున్నాయి. ఒకదానికి స్కెచ్ పెన్ను మాదిరి ఫెల్ట్ మొన ఉంటుంది, రెండవదానికి విడివిడి నైలాన్ వెంట్రుకలు ఉంటాయి. జపాన్ లిపికళలో గీతను నిలిపి ఆపడాన్ని తొమే అని, కొక్కెంలా విసరడాన్ని హనే అని, ఒత్తిడిని క్రమంగా తగ్గిస్తూ కుంచెను కాగితం మీది నుంచి లేపడాన్ని హరాయి అని అంటారు. మీకు కుదరనిది ఈ హరాయి. ఒత్తినప్పుడు విచ్చుకుని, లేపేకొద్దీ తిరిగి మొనదేరే వెంట్రుకలతోనే అది చక్కగా వస్తుంది. ఫెల్ట్ మొన కొంతవరకే వంగుతుంది, పైగా గరుకు కాగితంపై త్వరగా చీలిపోతుంది. చిన్న అక్షరాలకు, పేర్లు రాసుకోవడానికి అది చాలు కానీ, మీ అవసరానికి వెంట్రుకల మొనే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. పెంటెల్ సంస్థ పాకెట్ బ్రష్ పెన్‌కు నైలాన్ వెంట్రుకలు, మార్చుకోగల సిరా గొట్టం ఉంటాయి. దాని పిగ్మెంట్ సిరా (నీటిలో కరగని రంగుపొడితో చేసినది) పూర్తిగా ఆరిన తరువాత నీటికి కరగదు కనుక, మీ మూడవ ఇబ్బంది కూడా దానితోనే తీరుతుంది. ఎనిమిది మూలగీతలు ఒకేచోట ఉన్నందున ‘శాశ్వతం’ అనే అర్థమున్న 永 అక్షరాన్ని జపాన్‌లో సాధనకు వాడతారు. పెన్నును నిటారుగా పట్టుకుని మీరూ ఆ అక్షరంతోనే మొదలుపెట్టండి.

సిరా పాకడం కాగితం పీల్చే గుణాన్ని బట్టి ఉంటుంది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు బట్టను కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెట్టడానికి ఒక కారణం, పాలలోని కొవ్వు రంగును పాకనివ్వకపోవడమే. సిరాను పాకనివ్వని అటువంటి పూత నోటుపుస్తకం కాగితానికి చాలినంత ఉండదు. అక్షరాలకు నున్నటి మందపాటి కాగితాన్ని, నీటిరంగులు వేసే బొమ్మలకు చదరపు మీటరుకు 300 గ్రాముల కాగితాన్ని వాడండి.

సీసాలో దొరికే సుమి సిరాను మాత్రం పెన్నులో పోయకండి; మసిని జంతువుల జిగురుతో కలిపి చేసే సంప్రదాయపు సుమి ఎండితే, లోపలి సన్నని దారి పూడుకుపోతుంది. మన వేసవిలో మూత తీసి ఉంచితే మొన చూస్తుండగానే ఎండుతుంది కనుక, గీతకూ గీతకూ మధ్య ఆలోచించేటప్పుడు కూడా మూత పెట్టడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి తెప్పించిన జపాన్ బ్రష్ పెన్ నలుపు కాక బూడిదరంగులో రాస్తోంది. సిరా పాడైందా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: పాడు కాలేదు. జపాన్‌లో మరణించినవారి కుటుంబానికి ఇచ్చే డబ్బు కవరుపై పేరును పలుచని సిరాతో రాసే ఆచారం ఉంది. అందుకోసం ఉసుజుమి అనే ఈ రకాన్ని ప్రత్యేకంగా తయారుచేస్తారు. శుభకార్యాల కవర్లపై మాత్రం చిక్కని నలుపే రాస్తారు. మీ అబ్బాయి దీనిని బొమ్మల్లో నీడలు వేయడానికి నిశ్చింతగా వాడుకోవచ్చు, అక్షర సాధనకు మాత్రం నల్ల సిరా పెన్నును వేరుగా తీసి ఇవ్వండి.