తెర ముందు అయిదు నిమిషాలు

ప్రశ్న: న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వేలో మ్యూజికల్ రెవ్యూలకు హాస్య స్కెచ్ రచయిత పనేమిటండీ?

జవాబు: రెవ్యూ అంటే పాటలు, డ్యాన్సులు, చిన్న హాస్య నాటికలు (స్కెచ్‌లు) కలిపిన రంగస్థల ప్రదర్శన. దానికి ఒకే కథ ఉండదు. పాటకీ, డ్యాన్సుకీ మధ్య నాలుగైదు నిమిషాల స్కెచ్ పడుతుంది. ఎవరు, ఎక్కడ, గొడవేమిటి అన్నది మొదటి రెండు మూడు డైలాగుల్లోనే తెలిసిపోవాలి. అసలు కష్టం ముగింపే. ఆఖరి జోకు పడగానే లైట్లన్నీ ఆరిపోవాలి. జోకు తర్వాత ఇంకొక్క మాట మిగిలినా నవ్వు చప్పబడుతుంది. వెనక సెట్టు మారుస్తుంటే తెర ముందు ఆడే స్కెచ్‌కి రెండు కుర్చీలకు మించి రాయకూడదు. సుత్తి చప్పుడూ వినిపిస్తుంది, కాబట్టి గుసగుసలు వద్దు!

1933 నాటి ‘యాజ్ థౌజండ్స్ చీర్’ అనే రెవ్యూలో స్కెచ్‌లు మాస్ హార్ట్‌వి, పాటలు ఇర్వింగ్ బెర్లిన్‌వి. ప్రతి అంశానికీ ఒక పత్రికా శీర్షిక పెట్టారు. చిక్కల్లా, వార్త పాతబడితే జోకూ పాతబడుతుంది.