హారర్ సినిమా తీయండి, క్రెడిట్ కార్డు మీద మాత్రం వద్దు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం. జీతం 34,000, నెల ఖర్చు 22,000, బ్యాంకులో 1,10,000 ఉంది. ముగ్గురు స్నేహితులతో 12 నిమిషాల హారర్ షార్ట్ ఫిల్మ్ తీయాలని ఉంది. నాలుగు రాత్రుల షూటింగ్, బడ్జెట్ 90,000. వాళ్లు తలా 10,000 ఇస్తారు. మిగతా 60,000 క్రెడిట్ కార్డు మీద పెట్టి, యూట్యూబ్ ఆదాయంతో తీర్చేయవచ్చా?

జవాబు: ఆ ఆదాయాన్ని నమ్ముకోకండి. ప్రకటనల డబ్బు రావాలంటే ఛానల్‌కు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. అంటే మీ సినిమాను 20,000 మంది చివరిదాకా చూడాలి. ఈలోగా 60,000 మీద కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకున్నా 2,100, దాని మీద జీఎస్టీ 378. ఇది పెట్టుబడి కాదు, ఇష్టంతో పెట్టే ఖర్చు. తిరిగి రాకపోయినా ఇబ్బంది పడనంతే పెట్టండి.

మూడు నెలల ఖర్చు, 66,000, ముట్టుకోకండి. మిగిలిన 44,000లో 25,000 తీయండి. స్నేహితుల వాటాతో 55,000 అవుతుంది. వాళ్ల డబ్బు షూటింగ్‌కు ముందే చేతికి రావాలి.

ఇక కథను ఆ 55,000లోకి దించండి. ఒకే ఇల్లు, రెండు పగళ్లు. కిటికీలకు నల్లగుడ్డ కట్టేస్తే పగలే రాత్రవుతుంది. క్యాబ్‌లు, అర్ధరాత్రి టిఫిన్లు, మర్నాటి సెలవులు అన్నీ మిగులుతాయి. చీకటి కోసం లైట్లు ఆపేసి కెమెరాలో ఐఎస్ఓ (తక్కువ వెలుతురులోనూ బొమ్మ కనిపించేలా చేసే సెట్టింగు) పెంచితే బొమ్మంతా గింజలు గింజలుగా వస్తుంది, మళ్లీ తీయాల్సి వస్తుంది. కాస్త వెలుతురు పెట్టి తీసి, ఎడిటింగ్‌లో చీకటి చేయండి.

అన్నిటికన్నా ముందు 16,000 వేరే ఖాతాలో వేయండి. అది ఎడిటింగ్‌కు, సౌండ్‌కు. చిన్న సినిమాలు ఎక్కువగా ఆగేది ఇక్కడే: షూటింగ్‌లోనే డబ్బంతా అయిపోతుంది, ఫుటేజీ హార్డ్ డిస్క్‌లో పడి ఉంటుంది. పైగా హారర్‌లో సగం భయం చెవి నుంచే వస్తుంది. మసక బొమ్మను ప్రేక్షకుడు భరిస్తాడు, గొణిగినట్టుండే మాటను భరించడు.

మిగిలిన దానిలో కెమెరా, లెన్స్, లైట్ల అద్దెకు 12,000, మైక్, రికార్డర్‌కు 4,000, నటులు, సహాయకులతో కలిపి తొమ్మిది మంది అనుకుంటే రెండు రోజుల భోజనం, ప్రయాణం 8,100, హార్డ్ డిస్క్‌కు 5,000, మేకప్, రక్తం, బట్టలకు 4,000 దాటకుండా చూడండి. అద్దె కొటేషన్లు రెండు మూడు చోట్ల తీసుకుని, డిపాజిట్ ఎంతో ముందే అడగండి. రక్తం పడే చొక్కా మాత్రం ఒకేలాంటివి మూడు కొనండి. ఫుడ్ కలర్ మరక వదలదు, రెండో టేక్‌కు మరక లేని చొక్కా కావాలి. చివరికి 5,900 మిగలాలి. విరిగిన లైట్‌కో, పొడిగించిన అద్దెకో అదే దిక్కు.

సినిమా పాట వాడకండి. కాపీరైట్ క్లెయిమ్ పడితే వచ్చే కాస్త ఆదాయమూ హక్కుదారుకే పోవచ్చు. ఏ ఛానల్‌లో పెడతారు, డబ్బొస్తే 25:10:10:10 నిష్పత్తిలో పంచుకుంటారా, పనిని బట్టా అన్నది షూటింగ్‌కు ముందే కాగితం మీద రాసి, నలుగురూ సంతకం పెట్టండి.