కందిరీగ కుట్టిన చోట సున్నం, నవాసారం రాయవచ్చా?

మీ బాబును కందిరీగ కుట్టిందని, సున్నంలో నవాసారం (అమ్మోనియం క్లోరైడ్ అనే ఉప్పు) కలిపి రాయమని మీ అత్తగారు అంటున్నారని, రాయవచ్చా అని అడిగారు. రాయకండి. మా ఇంట్లో రాశారు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాకప్పుడు పదకొండేళ్లు. ఇంట్లో మా అక్క పెళ్లిచూపులు. పెళ్లివారు ముందుగదిలో మైసూరుపాకు తింటుండగా, దొడ్లో జామచెట్టు ఎక్కిన మా తమ్ముడి చేతిపై కందిరీగ కుట్టింది. వాడి ఏడుపు బయటికి వినబడకూడదని పెద్దమ్మ పడకగదిలోకి తీసుకెళ్లి తలుపులూ కిటికీలూ మూసింది. తాంబూలం పళ్లెంలోని సున్నం కాస్త తీసి, ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టించినప్పుడు దాచిన నవాసారం పలుకును అందులో వేసి నూరింది.

ఆ రెండూ కలిస్తే అమ్మోనియా వాయువు పుడుతుంది. బస్టాండు మూత్రశాలల దగ్గర ముక్కు పగలగొట్టే ఘాటు అదే. తమ్ముడు ఏడుపు మాని దగ్గడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ తలుపు తీసింది. గదిలో పట్టుబడిన ఘాటంతా పంకా గాలికి ముందుగదిలోకి వచ్చేసింది. సరిగ్గా అప్పుడే అక్క తల వంచుకుని కాఫీలు అందిస్తోంది. పెళ్లికొడుకు తండ్రిగారు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. నాన్న ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

పెళ్లికొడుకు నాయనమ్మగారు మాత్రం గబుక్కున లేచి, “ఎవరికమ్మా తేలు కుట్టింది?” అన్నారు. ఆవిడ చిన్నతనంలో తేలు కుట్టిన ప్రతి ఇంట్లోనూ ఆ వాసనేనట. నేరుగా లోపలికి వెళ్లి, కిటికీలు తెరిచి, వాడి చేయి కడిగి, తడిగుడ్డ చుట్టి ఒళ్లో పడుకోబెట్టుకున్నారు. అందరూ ఆ మంచం చుట్టూ చేరారు. మిగతా పెళ్లిచూపులు అక్కడే జరిగాయి. మా బావగారి ముఖం అక్క మొదటిసారి తలెత్తి చూసింది అక్కడే.

మందు సంగతికి వస్తే, కందిరీగ వాపు రెండు రోజుల్లో తగ్గింది, సున్నం కాల్చిన పుండు మానడానికి వారం పట్టింది. సున్నం, అమ్మోనియా వంటి క్షారం రాస్తే విషం విరుగుతుందనే మాట నిజం కాదు. నొప్పి పుట్టించే ప్రొటీన్లు, హిస్టమిన్ వంటివి అప్పటికే చర్మం కిందికి దిగి ఉంటాయి. పైపూత వాటిని చేరదు. సబ్బునీళ్లతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసుముక్క పది నిమిషాలు పెట్టండి. కందిరీగ మళ్లీ మళ్లీ కుట్టగలదు కనుక ముందు పిల్లవాణ్ణి గూటికి దూరంగా తీసుకురండి. తేనెటీగైతే ముల్లు చర్మంలోనే వదిలేస్తుంది, వెంటనే గీకి తీసేయాలి. పెదవులు ఉబ్బినా, ఊపిరి అందకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా ఆలస్యం చేయకుండా 108కు ఫోను చేయండి.

తేలు కుడితే ఇంటి మందుల జోలికి అసలు పోకండి. ఎర్ర తేలు విషం పిల్లల గుండె మీద దెబ్బ తీస్తుంది. నాయనమ్మగారి రోజుల్లో ఆ ఘాటు తప్ప దిక్కు లేదు. 1980లలో మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ అనే మాత్ర ఆ విషం నుంచి ప్రాణాలు కాపాడుతుందని చూపించారు. ఎంత త్వరగా ఆసుపత్రికి చేరితే ఆ మందు అంత బాగా పనిచేస్తుంది.